ఎడమ కంటి నీళ్ళు

రోజారాణి ఇంట్లో పప్పులో ఉప్పు ముందుగా వేయరు. రంజన్ కుండలోని నీళ్ళు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూసి, ఎంత వేయాలో అప్పుడు తేలుస్తారు. ఆమె ఎడమ కన్ను తడి ఆరిపోయి ఆరేళ్ళయింది. ఆ కంట్లోంచి రావాల్సిన నీళ్ళు వంటింటి మూలనున్న మట్టి రంజన్‌లోకి పోతాయి. టేకులపల్లిలో ఆ వీధి వీధంతటికీ ఈ సంగతి తెలుసు. పొరుగువాళ్ళెవరైనా చెంబుడు నీళ్ళు అడిగితే, రంజన్‌లోవి వద్దు, బిందెలోవి ముంచుకోమని చెప్పేది, అంతే.

తెల్లారి లేచేసరికి ఆ ఎడమ రెప్ప అతుక్కుపోయి ఉండేది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ కాసేపు పెట్టుకుని, వేళ్ళతో మెల్లగా విడదీసి, చుక్కల మందు వేసుకునేది. రెండు గంటలకోసారి మళ్ళీ చుక్కలు. కుడి కన్ను కూడా కొంత పొడిబారిందే గానీ అది ఎలాగో నెట్టుకొస్తోంది. ఎడమదే మొండిది. ఎండలో మండుతుంది, ఫ్యాన్ కింద మండుతుంది, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఇసుక పోసినట్టు మండుతుంది. ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ రెండు కళ్ళ కింది రెప్పల్లో సన్నటి కాగితం ముక్కలు పెట్టి ఐదు నిమిషాలు కూర్చోబెట్టింది. కుడి కాగితం సగం తడిసింది. ఎడమ కాగితం పెట్టింది పెట్టినట్టే వచ్చింది.

మంటతో బతకడం ఒక ఎత్తు, మనుషులతో బతకడం ఇంకో ఎత్తు. ఎడమ రెప్ప టపటపా కొట్టుకుంటే, కిరాణా కొట్టు ముందు నిలబడ్డ మగాళ్ళు తమకే కన్ను కొట్టిందనుకునేవాళ్ళు. కన్ను ఎర్రబడితే మొగుడు కొట్టాడా అని ఆరా తీసేవాళ్ళు. ఉల్లిగడ్డ కోసుకో, నీళ్ళు అవే వస్తాయని చెప్పినవాళ్ళు అరడజను మంది. నొప్పి తనది, సలహాలు మాత్రం ఊరందరివీ. కంటి కన్నా ముందు ఆమెకు ఒళ్ళు మండేది.

సలహా చెప్పనివాడు ఆమె భర్త వీరేందర్ ఒక్కడే. గనిలో మొదటి షిఫ్టుకు పోయే ముందు అతను రంజన్‌లోంచి గుక్కెడు తాగేవాడు. ఉప్పగా తగిలితే గ్లాసు దింపి, "నిన్న ఎవరేమన్నరే?" అని అడిగేవాడు. ఆమె చెప్పేది. అతను నిలబడి అంతా విని, డబ్బా తీసుకుని పోయేవాడు. పోయి ఎవరితోనూ తగవు పెట్టుకోలేదు. కానీ అడగకుండా ఒక్కరోజూ పోలేదు.

ఆ వీరేందర్ ఈ ఎండాకాలం మొదట్లో షిఫ్టు దిగి, బట్టలు మార్చుకుంటూ గుండె పట్టుకుని కూలిపోయాడు. కబురు రాగానే అతని అక్క ప్రమీల ఆనవాయితీ ప్రకారం ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ పారబోసింది. బిందెలు ఖాళీ చేసింది, రంజన్‌ను వాకిట్లోకి దొర్లించి గోడ వారన బోర్లించింది. చావు జరిగిన ఇంట్లో పదకొండో రోజు దాకా పాత కుండ నిలబెట్టకూడదు.

సాయంత్రానికి శవం వచ్చింది. రోజారాణి తల దగ్గర కూర్చుంది. కుడిపక్కన మధిర నుంచి వచ్చిన పుట్టింటివాళ్ళు, ఎడమపక్కన అత్త కొండమ్మ, ప్రమీల, వాళ్ళ తాలూకు ఆడవాళ్ళు. రోజారాణి గొంతు పోయేదాకా ఏడ్చింది. కుడి కన్ను ధారకట్టి రవిక తడిసింది. ఎడమ కన్ను నిప్పులా మండింది తప్ప ఒక్క చుక్క రాల్చలేదు. కుడిపక్కవాళ్ళు కొంగులతో తుడుస్తూనే ఉన్నారు. ఎడమపక్కవాళ్ళు చూస్తూనే ఉన్నారు.

మూడో రోజు పిట్టకు ముద్ద పెట్టి వచ్చాక ప్రమీల మాట బయటపెట్టింది. "కంట్ల రాకుంటే రంజన్ల రావాలె గద. ఆ నాడు పారబోసేటప్పుడు నాలిక మీదేసుకొని చూసిన. సప్పగుంది. మా తమ్ముని కోసం సగం ఏడ్పే ఏడ్సింది."

అది విని తలలూపినవాళ్ళను చూస్తే రోజారాణికి రక్తం ఉడికిపోయింది. తన ఎడమ కంటి నీళ్ళు ఎటు పోయాయో తనకే తెలియదు. మరి తెలియదని ఒప్పుకుంటే, దాన్నీ తప్పుగానే పట్టుకున్నారు.

మాటలతో పోయేదైతే పడేది. కానీ గని ఆఫీసులో భర్త ఉద్యోగం ఆమెకు రావాలంటే దరఖాస్తు మీద అతని తల్లి వేలిముద్ర కావాలన్నారు. తొమ్మిదో తరగతి చదివే కూతురు మధులత ఉంది. ఉద్యోగం లేకపోతే ఇద్దరూ మధిర పోయి అన్నల ఇంట్లో ఓ మూల పడి ఉండాల్సిందే. ప్రమీల మనసులో ఉన్నది ఇంకో తమ్ముడు చందర్. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నా వాడికి కుదురైన పని లేదు. సగం ఏడ్చినదానికి పూర్తి ఉద్యోగం దేనికని ఆమె ఇంటింటికీ తిరిగి అడిగింది. పైగా కన్ను సరిగాలేని మనిషి ఆఫీసులో ఏం పని చేస్తుందని కూడా అడిగింది. ఆరేళ్ళు అదే కన్నుతో వండిపెడితే తిన్నప్పుడు మాత్రం ఆ అనుమానం రాలేదు.

పదకొండో రోజు ఇల్లు కడిగారు. కులపెద్ద మంగయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని, దరఖాస్తు చదివి వినిపించి, సిరా డబ్బా కొండమ్మ ముందు పెట్టాడు. చాప మీద కూర్చున్న కొండమ్మ చెయ్యి ముందుకు రాలేదు.

"నా పక్కనే కూసుంది మంగయ్యా. నా దిక్కున్న కన్ను ఏడ్వలే. నా కండ్లతోని చూసిన. నా కొడుకు నౌకరి దానికెట్లియ్యమంటవ్?"

రోజారాణి చేతిలో చీపురు కిందపెట్టి ఎదురుగా నిలబడింది.

"ఆరేండ్ల సంది మండుతున్న కన్ను అత్తా ఇది. నీ కొడుకు పోయిన నాడు కొత్తగా ఆరలే. గా మంటలో మందు చుక్కలు గూడ ఎయ్యలే నేను, శవం ముంగట సీసా తీస్తే ఏమంటరోనని. ఏలిముద్ర ఏస్తె ఎయ్యి, లేకుంటె మానెయ్. నా ఏడ్పు కొలిచే పని మాత్రం పెట్టుకోకు."

అనేసి, కడగాల్సిన పని మిగిలిందన్నట్టు గోడ వైపు నడిచింది. రంజన్ నిలబెట్టాలి. రోజూ ఒంటిచేత్తో దొర్లించే ఖాళీ రంజన్, ఎంత తోసినా కదల్లేదు. చందర్‌ను పిలిచింది. ఇద్దరూ అంచు కింద వేళ్ళు దూర్చి లేపారు. జానెడు లేచిందో లేదో, లోపల పట్టి ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారిగా వాకిట్లోకి దూకాయి. కుర్చీల కాళ్ళు మునిగాయి, మంగయ్య చెప్పులు తేలుతూ గేటు దాకా పోయాయి, ప్రమీల కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకు చుట్టుకున్నాయి. రంజన్ ఒక్కదానిలో పట్టేన్ని కావు ఆ నీళ్ళు.

మంగయ్య కాళ్ళు పైకి పెట్టుకుని, కాగితం తడవకుండా పట్టుకున్నాడు. రంజన్ ఎప్పుడు బోర్లించావని ప్రమీలను అడిగాడు. కబురు రాగానే అంది. అప్పటికి శవం వచ్చిందా అన్నాడు. రాలేదంది. ఆ రోజు ఆమె రుచి చూసినవి ఏడుపుకు ముందరి నీళ్ళు. వీరేందర్ బతికున్న ఆఖరి రోజు రోజారాణిని ఎవరూ ఏమీ అనలేదు, అందుకే అవి చప్పగా ఉన్నాయి.

చాప తడిసినా కొండమ్మ లేవలేదు. వేలు నీళ్ళలో ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు తగలగానే కోడలి వైపు చూసింది.

"ఇన్ని రోజులు ఎవరేమన్నరే?"

అచ్చం కొడుకు అడిగినట్టే అడిగింది. రోజారాణికి కోపం మాత్రం దిగలేదు, దిగాల్సిన పనీ లేదు.

"నువ్వే అన్నవ్ అత్తా."

కొండమ్మ తలూపింది. బొటనవేలు కొంగుకు తుడుచుకుని, సిరా అద్దుకుని, మంగయ్య చూపించిన చోట నొక్కింది.

మూడు నెలలకు రోజారాణి గని ఆఫీసులో చేరింది. ఆమెకిచ్చిన కుర్చీకి సరిగ్గా ఎడమవైపు గోడ ఫ్యాన్ ఉంది. చుక్కల మందు సీసా బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టి, గాలి కంటికి తగలకుండా కుర్చీని తిప్పుకుని కూర్చుంది. ఎవరినీ అడగలేదు.