కుళ్లాయప్ప నడక

కంబదూరు దగ్గరి పల్లెలో కుళ్లాయప్ప నడకకు పేరుపడ్డవాడు. నలభై ఏళ్లు గొర్రెల వెంట తిరిగాడు. వానలు లేని ఏడాది మేత వెతుక్కుంటూ మందను కర్ణాటక దాకా తోలుకుపోయి, మూడు నెలలకు గానీ ఇల్లు చేరేవాడు కాదు. అరవై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. అడుగులు పొట్టివయ్యాయి. అనంతపురంలో డాక్టరమ్మ జ్యోతిలక్ష్మి చూసి పార్కిన్సన్ జబ్బని చెప్పి మాత్రలు రాసింది.

మాత్రలకు వణుకు తగ్గింది. మనిషి మాత్రం కదలడం మానేశాడు. మందను తమ్ముడు ఓబిలేష్‌కు అప్పగించి, పంచలో గోడకానుకుని కూర్చునేవాడు. భార్య ఈశ్వరి కలుపు పనికి పోయి సాయంత్రం వచ్చేసరికి అక్కడే ఉండేవాడు. పక్కన పెట్టిపోయిన సంగటీ అలాగే ఉండేది. ఒళ్లు వంగడం లేదని ఆమె తిట్టేది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పట్టింది. ఈశ్వరి చేలోంచి పరిగెత్తుకొచ్చేసరికి, వాకిట్లో ఆరబోసిన వేరుశనక్కాయలన్నీ తడిసిపోయాయి. కప్పాల్సిన పట్ట అతనికి నాలుగడుగుల దూరంలోనే ఉంది.

“కండ్ల ముందరే తడుస్తాంటే సూస్తా కూసున్నావా?” అంది.

“సూసినా. లేయల్లని అనిపియ్యలేదు,” అన్నాడు కుళ్లాయప్ప.

ఆ మాటలో మొండితనం లేదు. అందుకే ఆమెకు భయం వేసింది.

మళ్లీ ఆస్పత్రికి పోయినప్పుడు ఆమె వణుకు సంగతి కాక ఆ వాన సంగతి చెప్పింది. దిగులేమైనా ఉందా అని డాక్టరమ్మ అతన్ని చాలాసేపు అడిగింది. ఇది దిగులూ కాదు, సోమరితనమూ కాదనీ, పనికి లేపే కోరికనే ఈ జబ్బు చాలామందిలో చంపేస్తుందనీ చెప్పింది. కాళ్లలో సత్తువ ఇంకా ఉంది కాబట్టి రోజూ ఒకే వేళకు తోడుండి నడిపించమంది. కోరిక పుట్టేదాకా ఆగొద్దంది. తిరుగు బస్సులో ఈశ్వరి, తాను తిట్టిన తిట్లు గుర్తొచ్చి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాటి నుంచి తెల్లారగానే అతనికి చెప్పులు తొడిగి చెయ్యి పట్టుకునేది. మొదట బోరు దాకా. నెల తిరిగేసరికి ఓబిలేష్ మంద వెనకాల గుట్ట దాకా. అడుగు కొంచెం సాగింది. సంగటి పెడితే తినసాగాడు. కానీ ఒక్కనాడూ తానుగా లేవలేదు. ఆమెకు జ్వరం వచ్చిన మూడు రోజులూ, లేస్తాడేమోనని పడుకునే చూసింది. లేవలేదు.

నాలుగో రోజు గుట్ట కింద ఆగి అడిగింది.

“నీకు బలవంతంగా ఉండాదా? మానుకుందామా?”

కుళ్లాయప్ప గొర్రెల వైపు చూశాడు.

“నాకు పోవల్లని పుట్టదు ఈశ్వరీ,” అన్నాడు. “అది ఇంక రాదేమో. ఈడికొచ్చినాక మాత్రం బాగుంటాది. నువ్వు పిలుస్తాండు. వస్తా.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. మంద అప్పటికే గుట్ట పక్కకు మళ్లింది. ఆమె తన అడుగు తగ్గించుకుని, అతని పక్కనే నడిచింది.