ఎర్ర చుక్క ఇల్లు

ఎర్రగా ఒక చుక్క. ఆరింది... వెలిగింది. మళ్లీ ఆరింది.

రెప్ప ఆర్పినట్టు.

సందె చీకట్లో బుడమేరు వాగు కట్ట కింది వీధి నిండా అలాంటి చుక్కలే. ఇంటికొక కరెంటు మీటరు, మీటరుకొక ఎర్ర దీపం. లోపల ఫ్యాను, టీవీ కలిసి నడిస్తే గబగబా ఆర్పుతుంది. బల్బు ఒక్కటే వెలిగితే తాపీగా, నిద్రమొహంతో ఆర్పుతుంది. ఇంట్లో ఏమీ వాడకపోతే అసలు వెలగనే వెలగదు.

శ్రీదుర్గకు ఆ చుక్కల భాష పట్టుబడింది. గుమ్మం తొక్కకముందే తెలిసిపోతుంది — లోపల మనుషులున్నారో లేదో, ఉంటే ఏపాటి మనుషులో. వార్డు సచివాలయంలో ఆమె ఉద్యోగం అదే. పేదవాళ్లెవరో తేల్చడం. కాలికి బలపం కట్టుకుని తిరుగుతూ తేలుస్తూనే ఉంది. ఎంత తేల్చినా ఇంకో వీధి మిగులుతూనే ఉంది.

తేల్చడానికి పైవాళ్లు కొన్ని జల్లెడలు ఇచ్చారు. కారుంటే పేద కాదు. ఇంట్లో సర్కారు జీతం ఉంటే పేద కాదు. నెలకు సగటున మూడొందల యూనిట్ల కరెంటు దాటితే పేద కాదు. పొయ్యి మీద ఏముందని ఏ జల్లెడా అడగదు. అడగడం జల్లెడ పని కాదు.

జల్లెడ పట్టాక మిగిలినదంతా ఆమె ఫోనులో పటం అవుతుంది. వీధులు సన్నగీతలు. ఇళ్లు చుక్కలు. పేద ఇల్లు పచ్చ చుక్క, కాని ఇల్లు ఎర్ర చుక్క. వేళ్లతో లాగి పెద్దది చేస్తే కట్ట కింది వీధి పొడుగునా పచ్చ... పచ్చ... పచ్చ...

మధ్యలో ఒక్కటి ఎర్ర.

అది కరీమున్నీసా ఇల్లు.

సచివాలయంలో నవ్వుకున్నారు. "ఆ వీధిలో జమీందారిణి ఎవరమ్మా?" అన్నాడు పక్క కుర్చీ ఆయన. శ్రీదుర్గ కూడా నవ్వింది. తర్వాత ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గుపడింది.

ఎర్ర పడితే బియ్యం కార్డు పోతుంది. కార్డు పోతే పింఛనూ లేదు, జబ్బు చేస్తే ఆసుపత్రీ లేదు. అభ్యంతరం పెట్టుకోవడానికి ఇవాళే ఆఖరు. కరీమున్నీసా పెట్టుకోలేదు. ఎవరో పెట్టాలి కదా అని శ్రీదుర్గే బయల్దేరింది. కంకిపాడులో తన ఇంటికి వెళ్లే బస్సు తప్పితే తప్పుతుందిలే అనుకుంది. లైన్‌మన్ జక్కయ్యను కూడా వెంట రమ్మంది.

జమీందారిణి గుమ్మంలో కూర్చుని చీరకు ఫాల్సు కుడుతోంది.

చేతుల నిండా మట్టిగాజులు. మెడలో నల్లపూసలు. చెవులకు మాత్రం వేపపుల్లలు. కమ్మలు కరెంటు బిల్లుకు పోయాయని వీధంతా చెప్పుకుంటుంది.

"రామ్మా, కూర్చో," అంది. ఉన్న ఒక్క పీట వేసింది. తను నేల మీదికి జరిగింది.

ముందు గదిలో ఒక బల్బు. ఒక ఫ్యాను, అదీ మూడో రెక్క వంగి టకటకలాడుతోంది. వెనక గది తలుపు మూసి ఉంది. అంతే ఇల్లు. ఇంత ఇంటికి అన్ని యూనిట్లు ఎలా కాలతాయో జల్లెడకు అక్కర్లేదు గానీ శ్రీదుర్గకు కావాలి.

గోడకు ఛాతీ ఎత్తున వరద గీత.

ఈ వీధిలో గీత లేని గోడ లేదు. కొందరు సున్నం వేసి కప్పేశారు. కొందరు వేయలేక వదిలేశారు. ఏదేమైనా, అందరి గోడలూ ఎండిపోయాయి. వరద వచ్చి పోయి ఏడాది దాటింది మరి. ఎండలు వచ్చాయి, పోయాయి.

కరీమున్నీసా గోడ ఎండలేదు.

గీత కింద ఇంకా నల్లగా, తడిగా ఉంది... నిన్ననే నీళ్లు దిగినట్టు.

జక్కయ్య బల్బు ఆపాడు. ఫ్యాను ఆపాడు. మెయిన్ దించాడు. ఇల్లు చీకటైంది. ముగ్గురూ గుమ్మం పక్కన మీటరు ముందు నిలబడ్డారు.

ఎర్రగా ఒక చుక్క.

ఆరింది... వెలిగింది. ఆరింది... వెలిగింది.

లోపల ఏమీ లేదు. ఏమీ నడవడం లేదు. అయినా రెప్ప ఆగలేదు. మెయిన్ దించే ఉందా అని శ్రీదుర్గ మళ్లీ చూసింది.

జక్కయ్య తల గోక్కున్నాడు. గోడను చూశాడు, వైరును చూశాడు. తర్వాత కారణం పట్టుకున్న వాడి మొహం పెట్టాడు. "గోడ తాగేస్తందండి మేడం. సాయిబు ఎనక గదికి మీటరు కాడ్నించి వేరే వైరు లాక్కున్నాడు, గోడ లోపల్నించి. మెయిన్‌తో పనే లేదు దానికి. గోడేమో చెమ్మ. కరెంటంతా మట్టిలోకి పోతంది. ఇక్కడ కోసేత్తే అయిపోద్ది, నిమిషం పని."

జేబులోంచి కటింగ్ ప్లేయరు తీశాడు.

శ్రీదుర్గ గుండె కుదుటపడింది. కారణం దొరికింది. కారణం దొరికితే భయం సగం పోతుంది.

"వద్దు నాయనా," అంది కరీమున్నీసా.

ఆ వైరు లాగిన సాయిబు ముస్తఫా. ఆమె భర్త. మోటార్లకు వైండింగు చేసేవాడు. వెనక గదిలో రాగితీగ చుట్టి, వార్నిష్ పూసి, ఆరబెట్టి, ఆ వైరు తగిలించి మోటారు తిప్పి చూసేవాడు. తిరిగితే నవ్వేవాడు. తిరగకపోతే మళ్లీ విప్పేవాడు.

వరద రోజు బుడమేరు చెప్పాపెట్టకుండా వచ్చింది.

తెల్లారి కళ్లు తెరిచేసరికి మంచం కోళ్లు మునిగాయి. చూస్తుండగానే నడుము లోతు. నీళ్లలో స్తంభాలు, స్తంభాల మీద కరెంటు. ఎవరు అడుగు బయట పెట్టినా ప్రాణం పోయేట్టుంది. వీధి పిల్లలు డాబా మెట్ల మీద గొంతులు పోయేలా ఏడుస్తున్నారు. ముస్తఫా లుంగీ ఎగగట్టాడు. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దాకా, గోడలు పట్టుకుని కొంత, ఈదుకుంటూ కొంత వెళ్లాడు. ఫ్యూజులు పీకేశాడు.

వీధంతా చూసింది. మీటర్ల మీది ఎర్ర చుక్కలన్నీ ఒక్కసారిగా ఆరిపోవడం... వీధంతా చూసింది.

ముస్తఫా తిరిగి రావడం మాత్రం ఎవరూ చూడలేదు.

మనిషి దొరకలేదు. నీళ్లు దిగాయి. బురద ఎత్తిపోశారు. పడవలు పోయి మళ్లీ ఆటోలు వచ్చాయి. కరెంటు ఇచ్చిన రోజు వీధంతా చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రమే కరీమున్నీసా మీటరు చూసింది. ఇంట్లో అన్నీ ఆపి ఉన్నాయి. స్విచ్చు బోర్డులో ఇంకా బురదనీళ్లే ఉన్నాయి.

చుక్క మాత్రం రెప్ప ఆర్పుతోంది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారో ఆమెకు తెలుసు. బిల్లు వచ్చింది, కట్టింది. మళ్లీ వచ్చింది, కమ్మలు అమ్మి కట్టింది.

"ఇలా రామ్మా," అంది శ్రీదుర్గతో. వెనక గదికి ఆనుకున్న గోడ దగ్గరికి తీసుకెళ్లి, గీత కింద తడి మీద అరచేయి ఆనించింది. "వెచ్చగా లేదూ?"

"ముట్టుకోకండి మేడం! షాక్ కొడద్ది!" జక్కయ్య బయటి నుంచి అరిచాడు.

"నన్నెప్పుడూ కొట్టలేదు నాయనా."

శ్రీదుర్గ వేలి కొసలు మాత్రం ఆనించింది. తడిగా ఉంది. వెచ్చగా ఉంది. జ్వరం లేని మనిషి ఒళ్లు ఎంత వెచ్చగా ఉంటుందో... అంతే వెచ్చగా. చేయి వెనక్కి లాక్కుంది. లాక్కున్నాక, ఎందుకో, మర్యాద తప్పినట్టు అనిపించింది.

జక్కయ్య మెయిన్ ఎత్తాడు, కరీమున్నీసా బల్బు వేసింది. శ్రీదుర్గ పీట మీద కూర్చుని ఫోను తీసింది. పని పనే.

"అమ్మా, జాగ్రత్తగా వినండి. మీ కార్డు ఉండాలంటే రెండు పనులు కావాలి. ఒకటి, ఈ వైరు కోయించాలి. అప్పుడు యూనిట్లు తగ్గుతాయి. రెండోది..." ఆగింది. గొంతు తగ్గించింది. "కార్డులో ఇద్దరున్నట్టు ఉంది. ఇద్దరి ముఖాలూ ఫోనుకు చూపించాలి. చూపించలేకపోతే... ఆయన లేరని నొక్కాలి. నొక్కితే మీకు పింఛను కూడా వస్తుంది. వచ్చే నెల నుంచే."

కరీమున్నీసా సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎక్కడం లేదు.

"ముందు నాది తియ్యమ్మా."

శ్రీదుర్గ ఫోను ఎత్తింది. తెర మీది గుండ్రంలోకి ముసలి ముఖం వచ్చింది. గుండ్రం పచ్చబడింది.

రెప్పలు ఆర్పండి, అంది ఫోను. ఆడగొంతు, అచ్చం రైల్వేస్టేషన్‌లో గొంతులా. బతికున్న మనిషా, ఫొటోనా అని అది అలాగే తేల్చుకుంటుంది. ఫొటో రెప్ప ఆర్పదు కదా.

కరీమున్నీసా ఆర్పింది. టిక్కు పడింది.

రెండో సభ్యుడు. ముస్తఫా. పేరు కింద మూడు గళ్లు. ఇంట్లో ఉన్నారు. వలస వెళ్లారు. మరణించారు.

ఈ వీధిలోనే వరద తర్వాత ఎందరికో మూడో గడి నొక్కింది శ్రీదుర్గ. వేలు వణకలేదు. నొక్కి, సంచి సర్దుకుని, ఇంకో గుమ్మం ఎక్కింది. ఇవాళ మాత్రం వేలు గాలిలోనే ఉండిపోయింది.

"ఆయన పోయాడని నేనే అనాలామ్మా?"

"మీరు ఊఁ అంటే చాలు. నేను నొక్కుతాను."

"కరెంటు తియ్యడానికెళ్లాడు. తీశాడు. అది అందరూ చూశారు." కరీమున్నీసా దారం కొస నోట్లో తడిపింది. "పోవడం ఎవరు చూశారు?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి చేతులు జోడించి బతిమాలుతున్నా, పుచ్చుకునే మనిషి గుప్పిట విప్పడం లేదు.

కరీమున్నీసా లేచి వెనక గది తలుపు తోసింది.

చీకటి. బల్ల. బల్ల మీద పొట్ట విప్పిన మోటారు, సగం చుట్టిన రాగితీగ. అన్నిటి మీదా బురద పేరుకుని బూడిదరంగుకు తిరిగింది. ఏడాదిగా ఎవరూ ముట్టుకోలేదు.

వాసన మాత్రం వార్నిష్ వాసన. ఘాటుగా, పచ్చిగా... పొద్దున్నే పూసినట్టు.

శ్రీదుర్గకు భయం వేసింది. మామూలు భయం కాదు. బస్సు గుర్తొచ్చింది, ఇల్లు గుర్తొచ్చింది, లేచి పోదామనిపించింది.

అప్పుడే కరెంటు పోయింది.

ముందు గదిలో బల్బు ఆరింది. పక్కింటి టీవీ మాట మధ్యలో తెగింది. వీధిదీపం ఆరింది. కట్ట అవతలి డాబాలు, సందు చివరి కిరాణా కొట్టు... అన్నీ నల్లబడ్డాయి. పైన గన్నవరం వైపు దిగుతున్న విమానం రెక్క మీది దీపం ఒక్కటే కదిలి, అదీ కనుమరుగైంది. ఎక్కడో పిల్లలు హో అని అరిచి ఊరుకున్నారు.

"లైను పోయింది మేడం!" జక్కయ్య గొంతులో హుషారు. "ఇదే మంచి టైము, షాకు భయం లేదు. కోసేయమంటారా?"

ఒక్క కోత. ఒక్క నొక్కు. కరీమున్నీసా పేదరాలైపోతుంది. పటం మీద చుక్క పచ్చబడుతుంది. బియ్యం వస్తాయి, పింఛను వస్తుంది, చెవులకు ఎప్పటికైనా కమ్మలు వస్తాయి. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

ఫోను వెలుగులో కరీమున్నీసా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు.

"బియ్యం లేకపోతే పోనీలేమ్మా," అంది. "ఫాల్సు కుట్టుకుంటా, ఎట్టాగో బతుకుతా. ఆయన్ని ఉండనియ్యి."

శ్రీదుర్గ ఆమెను చూసింది. వేపపుల్లల చెవులు చూసింది. తను చేస్తున్నది మంచో చెడో ఆమెకు తెలియలేదు. ఆకలితో వదిలేస్తున్నానని మాత్రం తెలుసు.

"వద్దు జక్కయ్యా. కోయకు."

మొదటి గడి నొక్కింది. ఇంట్లో ఉన్నారు.

నొక్కాక గుర్తొచ్చింది... అలా నొక్కితే కెమెరా తెరుచుకుంటుంది.

తెరుచుకుంది. తెర మీద గుండ్రం. గుండ్రంలో వెనక గది చీకటి, తడి గోడ. ముఖం చూపించండి, అంది ఫోను. ఆపేద్దామని శ్రీదుర్గ వేలు తెర మీద వెతుక్కుంది. ఎక్కడ నొక్కాలో ఎంతకీ గుర్తు రాలేదు. ఆ వెతుకులాటలో గుండ్రం గోడ మీద అటూ ఇటూ తారట్లాడింది. గీత దగ్గరికి వచ్చింది. కొంచెం పైకి... మనిషి ఎత్తుకు...

ఆగింది.

గుండ్రం పచ్చబడింది.

"మేడం..." జక్కయ్య గొంతు ఇప్పుడు వేరుగా ఉంది. హుషారు లేదు. "మేడం, లైను లేదు కదా..."

శ్రీదుర్గ తల తిప్పింది. తెరిచిన గుమ్మంలోంచి వీధి కనిపిస్తోంది. ఆ రోజు లాగే అన్ని ఇళ్ల చుక్కలూ ఆరిపోయి ఉన్నాయి. ఈ చివర నుంచి ఆ చివరి ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఒక్కటీ లేదు. జక్కయ్య కటింగ్ ప్లేయరు పట్టుకున్న చేయి కిందికి దించి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తున్నాడు.

కరీమున్నీసా అటు చూడలేదు. గోడకు చేయి ఆనించి, కొంగు తల మీదికి సర్దుకుంది.

రెప్పలు ఆర్పండి, అంది ఫోను.

గుమ్మం పక్కన —

ఎర్రగా ఒక చుక్క.

ఆరింది... వెలిగింది.