అంటు గది

ముసలివాళ్ల శరణాలయంలో ముందు కనకమ్మకు వాంతులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి ఇంకొందరికి అంటుకున్నాయి. ఏలూరు నుంచి వచ్చిన డాక్టరుగారు చూసి, "కలరా కాదండీ. కాని చేతుల మీదుగా పాకుతుంది. ముసలి ప్రాణాలు తట్టుకోలేవు. రోగుల్ని వేరుగా ఉంచండి, సబ్బుతో చేతులు కడిగించండి" అన్నారు.

మేనేజరు దేవదానం వాళ్ల పేటలో బి.ఏ. పాసైన మొదటివాడు. తల్లి లేని అతన్ని పెంచిన పెద్దమ్మ పాపమ్మ కూడా అక్కడే ఉంటోంది. ఆమెకు సోకితే ఏమవుతుందోనని అతని భయం. రోగుల్ని చివరి గదిలోకి చేర్చి, తలుపు మీద సుద్దతో రాశాడు: "అంటు గది. లోపలికి రాకూడదు."

శరణాలయంలోనే ఉండే ప్రభావతి పైకి చదివింది. "ఏవండోయ్, మన మేనేజరు గారికి మడి వచ్చిందండోయ్!"

"ఆ అంటు కాదండీ, రోగం అంటుకుంటుందని..."

"కొల్లేటి గట్టున 'అంటు' అన్న ఆ మాట పడలేకే మా అయ్య బాప్తిస్మం పుచ్చుకున్నాడు," అంది పాపమ్మ. "బియ్యే చదివి నువ్వూ అదే రాశావట్రా, దానం?"

అతను పైపంచతో అక్షరాలు తుడిచేలోపే ఆమె లోపలికి వెళ్లి, కనకమ్మ తాగి వదిలిన గంజి గడగడా తాగేసింది.

మర్నాడంతా అతను ఆమె మొహమే చూస్తూ తిరిగాడు.

"ఏంట్రా, పెళ్లికూతుర్ని చూసినట్టు చూస్తావ్?" అని నవ్వింది.

సాయంత్రం ఆమె కడుపు పట్టుకుని కూలబడింది.

చివరి గదిలో పడుకోబెట్టి, ఉప్పు వేసిన గంజి చెంచాతో పోశాడు. పోసింది పోసినట్టే బయటికి వచ్చేసింది. కళ్లు లోతుకు పోయాయి. అంతలో ప్రభావతీ, మిగతావాళ్లూ జావ గిన్నెలతో గుమ్మం దగ్గరికి వచ్చేశారు.

"తప్పుకోండి బాబూ. పాపమ్మక్క దగ్గర కూర్చుంటాం. మాకా పట్టింపులు లేవు."

ఏ మాటతో ఆపాలో అతనికి తెలియలేదు. తడి చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"నా చేతులకీ ఉందండీ ఆ రోగం. నన్ను కూడా ముట్టుకోకండి. నేనిక్కడే పడుకుంటాను, నా కూడు గుమ్మం అవతలే పెట్టండి."

ప్రభావతి అతని మొహంలోకి చూసింది. జావ గిన్నె నేల మీద పెట్టి, మిగతావాళ్లను వెనక్కి జరిపింది.

"సబ్బెక్కడుంది బాబూ?" అని మెల్లగా అడిగింది.

చెప్పబోయి ఆగాడు. వెనక ఇందాకటి నుంచీ వినబడుతున్న పెద్దమ్మ మూలుగు ఆగిపోయింది.

తల తిప్పి చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు.