కోపానికి సగం బిళ్ల

మా ఆయన కుళ్ళాయప్పకు కోపం ముక్కు మీద ఉండేది కాదు, ముక్కుకు రెండు గజాల ముందు నడిచేది. పెళ్లైన పదేళ్లూ నేను దానికి దారి ఇచ్చి పక్కకు జరుగుతూనే బతికాను. నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు, అది చెప్పాలి. కుండలూ తలుపులూ మాత్రం బాగా తిన్నాయి.

అరవై రెండులో మా కళ్యాణదుర్గం వైపు వాన మొహం చాటేసింది. వేరుశనగ, మా మాటలో చెనిక్కాయ, చేనులోనే మాడిపోయింది. మిగిలిందల్లా బావి కింద అరెకరం రాగి. ఆ బావి మాకూ, మా మరిది బసప్పకూ ఉమ్మడి. ఎద్దులు పెద్ద తోలుసంచితో నీళ్లు లాగే కపిలను రోజు మార్చి రోజు తోలుకునేవాళ్లం. ఆ వంతు దగ్గరే మాటామాటా పెరిగి, మా ఆయన తమ్ముడి ముందు పన్ను రాలగొట్టాడు.

పెద్దమనుషులు కూర్చుని తీర్పు చెప్పారు. కుళ్ళాయప్ప ఇంట్లో ఇంకొక్కసారి ఎవరు చెయ్యెత్తినా, నోరెత్తినా బావిలో వంతు పోతుంది. వంతు పోతే రాగి పోతుంది, రాగి పోతే మాకు సంగటి లేదు.

తమ్ముడి నోట్లో రక్తం చూశాక ఆయనకూ సిగ్గేసింది. తనే బస్సెక్కి అనంతపురంలో ఆంజనేయులు డాక్టరు దగ్గరికి నడిచాడు, వెనక నేను. తలలో, చెవికి లోపలి వైపు, బాదంపప్పంత ముక్క ఒకటి ఉంటుందనీ, అది ఉలిక్కిపడితే ఒంట్లో ఏదో రసం ఊరి, గుండె దడదడలాడి చేతులు లేస్తాయనీ డాక్టరు చెప్పాడు. బాదంపప్పు మేమెప్పుడూ చూడలేదంటే చెనిక్కాయ పప్పు అనుకోమన్నాడు.

"అయితే దాన్ని పెరికేయొచ్చు గదా సార్?" అన్నాడు మా ఆయన.

పెరికేస్తే పాము ఎదురొచ్చినా పలకరిస్తావు అని నవ్వి, కొత్తగా వచ్చిన బిళ్లలు రాసిచ్చాడు.

బిళ్ల పనిచేసింది. పనిచేయడమంటే మామూలుగా కాదు. మూడో రోజు మేక ఆయన చొక్కా నములుతుంటే, పాపం ఆకలి అన్నాడు. నేను మురిసిపోయాను. మరునాడు మా వంతు వచ్చేదాకా మురిసిపోయాను.

పొద్దున్నే ఎద్దులను కపిలకు కట్టి, "పోదాం పదండి నాయనా" అన్నాడు మెల్లగా. ఎద్దులు రెండూ తలలు తిప్పి ఆయన మొహం చూశాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ గొంతులో బూతు లేని మాట విన్నది లేదు. తిట్టు వినపడితేనే అడుగేయడం వాటికి అలవాటు. అట్లే నిలబడి నెమరేయడం మొదలుపెట్టాయి. ఎండ నడినెత్తికొచ్చినా కాలువ తడవలేదు. రాగి ఆకులు చుట్టలు చుట్టుకుంటున్నాయి.

"వాటికీ ఈ పొద్దు మనసు లేదేమోలే, తిరుపాలూ" అని నాతో అంటూ ఆయన నీడన కూర్చున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కట్టె లాక్కుని ఎద్దుల వెనక కపిల తాడు మీదికెక్కాను. పదేళ్లుగా విన్నవన్నీ నోటికి వచ్చేశాయి. ఎద్దులను తిట్టాను, వాటి తల్లులను తిట్టాను, వానను తిట్టాను, పెద్దమనుషుల మీసాలను తిట్టాను. ఎద్దులు పరుగెత్తాయి. కాలువ నిండా నీళ్లు. డాక్టరు చెప్పినట్టే గుండె దడదడలాడుతోంది, అయినా ఎంత హాయి! ఇంత తియ్యని దాన్ని ఈ మనిషి నా కోసం, తమ్ముడి కోసం ఎట్లా వదులుకున్నాడా అని మొదటిసారి ఆయన మీద జాలేసింది. ఆ జాలిలోనే, "ఆ బసప్ప మిగిలిన పండ్లు గూడా రాల!" అని కట్టె పైకెత్తాను.

గట్టు మీద బసప్ప నిలబడి ఉన్నాడు.

నా చెయ్యి పైనే ఆగిపోయింది. వంతు పోయింది, రాగి పోయింది అనుకున్నాను. ఆయన పోగొట్టనిది నేను పోగొట్టాను.

మా ఆయన నిదానంగా లేచాడు. రొండిన పెట్టుకున్న పొట్లం విప్పి, ఒక బిళ్ల తీసి, పంటితో రెండు ముక్కలు చేశాడు. సగం నా వైపు చాచాడు.

"నీ చెనిక్కాయ పప్పు నాదానికన్నా పెద్దదిగా ఉండాది. ఏసుకో."

బసప్ప నవ్వు ఆపుకోలేకపోయాడు. ముందు పన్ను లేని ఆ నోటిని చూసి అన్న కూడా నవ్వాడు. పన్ను రాలినాక అన్నదమ్ములు కలిసి నవ్వడం అదే మొదలు.

"నేనేమీ ఇనలేదులే వదినా" అన్నాడు బసప్ప.

ఆ సగం బిళ్ల కొంగున ముడేసుకున్నాను గానీ మింగలేదు. ఇంకా సగం మడి తడవాల్సి ఉంది.