పెద్దమ్మ కాజాలు కుడుతూ చెప్పింది

గురువారం మా పెద్దమ్మ గొంతుకి ఆపరేషన్. ఆ తర్వాత మాట వస్తుందని ఆశ పెట్టుకోవద్దని డాక్టరు మూడు వారాల ముందే చెప్పేశారు. ఆవిడ ఫొటోలు రెండు ఆల్బమ్‌ల నిండా ఉన్నాయి. గొంతు మాత్రం, నా ఫోన్లో ఉన్న రెండు “ఎక్కడ చచ్చావే” మెసేజీలు తప్ప ఎక్కడా లేదు. నలభై ఏళ్లుగా దర్జీ షాపులో కూర్చుని పొద్దస్తమానం మాట్లాడే మనిషి మాటలు దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?

అందుకని నలభై మూడేళ్ల వయసులో, నేను పనిచేసే లైబ్రరీలోనే పెట్టిన వీడియో క్లాసులో చేరాను. నేర్పేవాడు నాకంటే పదిహేనేళ్లు చిన్న. మెడలోంచి హెడ్‌ఫోన్లు ఎప్పుడూ తియ్యడు కాబట్టి మాకందరికీ హెడ్‌ఫోన్ మాస్టారు. కిటికీ వెలుగు మనిషి ముఖం మీద పడాలన్నారు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపెయ్యాలన్నారు. అన్నిటికన్నా ముఖ్యం, ఎదుటివాళ్లు చెబుతుంటే ‘ఊ’ కొట్టకూడదట, తలూపితే చాలట. మన ‘ఊ’ వాళ్ల మాట మీద పడితే తర్వాత విడదీయడం కష్టమట. బుద్ధిగా అన్నీ రాసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి, కెమెరా పెట్టాను. చేతులు ఖాళీగా ఉంటే తనకి మాట రాదని పెద్దమ్మ ఓ చొక్కా ముందేసుకుని కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. కుట్టు మిషను ఎలా నేర్చుకున్నావని అడిగాను. రెండు ముక్కలు చెప్పి ఆగింది. తలూపాను. సూది మీదున్న కళ్లకి నా తల ఎక్కడ కనిపిస్తుంది? మరో రెండు ముక్కలు చెప్పి మళ్లీ ఆగింది. చివరికి తలెత్తి, “వింటున్నావా, నిద్రపోయావా?” అంది. వింటున్నాను చెప్పమన్నాను. ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టినట్టు పొడిపొడిగా చెప్పి ముగించింది. సాయంత్రం చూసుకుంటే శబ్దం అద్దంలా ఉంది కానీ అందులో మా పెద్దమ్మ లేదు. ప్రాణం ఉసూరుమంది.

సోమవారం సెలవు పెట్టి మళ్లీ కూర్చోబెట్టాను. ఈసారి మాస్టారి మాట గట్టున పెట్టి, చిన్నప్పుడు ఆవిడ పక్కన పడుకుని కొట్టినట్టే ఊ కొట్టాను. ఇక చూడాలి. పెళ్లికొడుకు కోటుకి రెండు చేతులూ ఎడమవే కుట్టి, తెల్లారేలోగా విప్పి మళ్లీ కుట్టిన సంగతి చెప్పింది. కొలతలు ఇవ్వడానికి సిగ్గుపడే లావుపాటి జడ్జిగారికి కంటిచూపుతోనే కుట్టిపెట్టిన సంగతి చెప్పింది. మా అమ్మా తనూ ఒకే గౌను కోసం జుట్లు పట్టుకున్న సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పి, తనే పడీపడీ నవ్వింది. ఆ నవ్వు కూడా పోతుందా అని డాక్టర్ని అడగలేదే అనుకున్నాను. రెండు గంటలు తెలియకుండానే గడిచిపోయాయి.

మంగళవారం లైబ్రరీలో ఎడిటింగ్‌కి కూర్చున్నాను. నా ‘ఊ’లు విని మాస్టారు నెత్తి పట్టుకున్నారు. దొరికినన్ని కోసెయ్యమన్నారు. ఇరవై దాకా కోశాను. వాటి చోట పెద్దమ్మ ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఆగి ఉంది. చూడలేక అన్నీ మళ్లీ అతికించేశాను. ఇది మీ ఇంటి వీడియో, మీ ఇష్టం అన్నారు మాస్టారు.

గంటా పది నిమిషాల దగ్గర మాత్రం నా ‘ఊ’ లేదు. అక్కడ పెద్దమ్మ సూది ఆపి, “గురువారం లోపలికి తీసుకెళ్లేటప్పుడు...” అని మొదలుపెట్టింది. వెంటనే నా గొంతు అడ్డం పడింది. “అవునూ, ఆ జడ్జిగారు మళ్లీ వచ్చారా?” పెద్దమ్మ ఒక్క క్షణం కెమెరా వైపు చూసి, జడ్జిగారి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ కూర్చున్నప్పుడు మాట మార్చానని నాకే తెలియదు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ ముక్క కోసేస్తే ఎవరికీ తెలియదు. చాలాసేపు మౌస్ మీద వేలు పెట్టుకుని కూర్చుని, చివరికి అలాగే వదిలేశాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. డాక్టరు చెప్పినట్టే మాట పోయింది. ఇంటికొచ్చిన పదో రోజు పెద్దమ్మకి వీడియో చూపించాను. తన నవ్వు దగ్గర పెదాలు బిగించుకుని చూసింది. గంటా పది నిమిషాల దగ్గర వేలెత్తి ఆపమంది. పక్కనున్న నల్ల గుడ్డ ముక్క అందుకుని, మార్కింగ్ సుద్దతో రాసింది: ‘ఇక్కడ మాట ఎందుకు మార్చావు?’

అబద్ధమాడటానికి నోరు రాలేదు. “భయమేస్తోందా అని అడగాల్సొస్తుందని, పెద్దమ్మా. అవునంటే నేనేం చెయ్యను?”

 పెద్దమ్మ మూలనున్న కెమెరా వైపు చెయ్యి చూపించింది. తెచ్చి పెట్టి, ఆన్ చేసి, ఎదురుగా కూర్చున్నాను.

“పెద్దమ్మా, ఆ రోజు భయమేసిందా?”

గుడ్డ దులిపి, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసి, నా వైపు తిప్పింది. ‘చాలా. నువ్వు అడుగుతావని ఆపరేషన్ గది గుమ్మం దాకా చూశాను.’

కెమెరాకి వినపడాలి కదా. ఆ మాటలు నేనే పైకి చదివాను.