ఎర్ర పెన్‌డ్రైవు

మైపాడు రోడ్డు పొడుగునా ఏ కంప్యూటరు మొరాయించినా మధుబాబుకే ఫోను. పన్నెండేళ్ళుగా అంతే. ఆయన రావడం, తాళాలగుత్తిలోంచి ఎర్ర పెన్‌డ్రైవు విప్పడం, "ఫార్మాట్ కొట్టాల్సిందే" అనడం, ఉన్నదంతా తుడిచి పెన్‌డ్రైవులోవి మళ్ళీ ఎక్కించడం, గంటన్నరలో మిషను లేచి కూర్చోవడం. మూణ్ణెల్లకో ఆర్నెల్లకో ఆ మిషనే మళ్ళీ పడిపోయేది. ఉప్పుగాలికి ఏ వస్తువు నిలుస్తుంది చెప్పండి? జనమూ అదే అనుకున్నారు, ఆయనా అదే అనుకున్నాడు. ఆ పెన్‌డ్రైవంటే ఆయనకి ఎంత గురి అంటే, ఏటా ఆయుధ పూజ నాడు స్క్రూడ్రైవర్ల పక్కన దాన్నీ పెట్టి కుంకుమ బొట్టు పెట్టేవాడు. మూత సందులో ఆ కుంకుమ ఇంకా ఉంది.

అట్లాంటి మనిషికి ఆ శుక్రవారం ఒళ్ళు మండిపోయింది. ఎందుకు మండదు? పద్మనాభయ్య గారి రొయ్యపిల్లల హేచరీలో కంప్యూటరు నెలలో నాలుగోసారి నీలం తెర వేసుకొని పడిపోయింది. అప్పటికే మధుబాబు మూడుసార్లు ఫార్మాట్ చేసినాడు. ఈసారి బండి దిగి లోపలికి పోతే, ఎప్పుడూ ఆయన కూర్చునే కుర్చీలో ఉష ఉంది.

ఉష అంటే పరాయి పిల్ల కాదు. రెండేళ్ళు ఆయన షాపులో పని నేర్చుకున్నది. ఇప్పుడు ఆయన షాపుకి సరిగ్గా ఎదురుగానే బోర్డు కట్టింది. పొద్దున షట్టరు ఎత్తితే ముందు ఆ బోర్డే కనపడి ఆయనకి కడుపులో మండుతుంది.

"నేనే పిలిపించినా మధూ," అన్నాడు పద్మనాభయ్య. "తొట్లలో నిన్ననే కొత్త పిల్లల్ని దించినాం. గాలి కొట్టే బ్లోయరు ఆగితే ఈ మిషనే కదా నా ఫోనుకి అలారం కొట్టాలి. ఇది పడుకున్నప్పుడు అది ఆగిందంటే, తెల్లారేసరికి పిల్లలన్నీ చచ్చి ఊరుకుంటాయి."

"దానికేముందన్నా, ఫార్మాట్ కొడితే..."

"మూడుసార్లు కొట్టినావు గదా అబ్బయ్యా."

మధుబాబుకి తల తీసేసినట్టయింది. ఉష గబుక్కున లేచి "మీరు కూర్చోండి సార్" అన్నది. ఆహా, మర్యాదొకటి! ఆయన కూర్చోలేదు. గోడకి ఆనుకొని చేతులు కట్టుకున్నాడు.

"పడిపోయే ముందు మిషను అప్పుడేం జరిగిందో ఒక ఫైల్లో రాసిపెడుతుంది సార్. క్రాష్ డంప్ అంటారు," అన్నది ఉష ఆయన్నే చూస్తూ. "అది చదివితే ఎవరు పడగొట్టారో తెలుస్తుంది. ఆ ఫైలు నా పెన్‌డ్రైవులో తీసుకున్నా. చదవాలంటే డీబగ్గింగ్ టూల్స్ కావాలి. నాది కొత్త లాప్‌టాప్, ఇందులో ఇంకా ఎక్కించలేదు. రోడ్డు తవ్వేటప్పుడు కేబులు తెగి ఇక్కడ నెట్టు లేదంట. నా ఫోనుకి సిగ్నలే లేదు. మీ హాట్‌స్పాట్ ఇస్తారా?"

పన్నెండేళ్ళుగా ఆయన ఆ డంప్ ఫైళ్ళని చెత్త అని తుడిచేస్తూ వచ్చినాడు. ఒక్కదాన్నీ తెరిచిన పాపాన పోలేదు. కాదనడానికి పద్మనాభయ్య ఎదురుగానే ఉన్నాడాయె. హాట్‌స్పాట్ వేసినాడు. ఉష పాస్‌వర్డు అడగనైనా అడక్కుండా కొట్టేసింది. ఆమె మానుకుని పోయినప్పటి నుంచీ మార్చాలనుకుంటూనే ఉన్నాడు. దానికీ కుళ్ళుకున్నాడు.

టూల్స్ దిగడం మొదలైంది. తెర మీద పచ్చ గీత కొంచెం కొంచెంగా సాగుతోంది. టీలు వచ్చినాయి. పద్మనాభయ్య మొదటి గ్లాసు ఉషకే అందించినాడు. అదీ చూసినాడు మధుబాబు. టీ నోట్లో పోసుకుంటే చేదుగా తగిలింది.

ఎక్కించడం అయిపోయింది. ఉష డంప్ ఫైలు తెరిస్తే అన్నీ అంకెలే.

"వీటికి పేర్లు తెలియాలంటే సింబల్స్ అని ఇంకొన్ని ఫైళ్ళు దిగాలి సార్. అవి దిగినాక ఇదిగో, ఈ నీలం అక్షరాల మీద నొక్కితే చాలు. మొత్తం అదే చదివి, తప్పు ఏ ఫైలుదో పేరు పెట్టి చెప్పేస్తుంది."

"అబ్బో! పోస్టుమార్టం అన్నమాట!" పద్మనాభయ్య కళ్ళజోడు సవరించుకొని తెర మీదికి వంగినాడు.

అక్కడ ఓపిక తెగింది మధుబాబుకి. పన్నెండేళ్ళలో తన పనిని ఈ పెద్దమనిషి ఒక్కనాడైనా వంగి చూసినాడా? టైము చూసుకుంటున్నట్టు ఫోను తీసి, హాట్‌స్పాట్ ఆపేసినాడు.

"సార్, నెట్టు పోయింది."

"సముద్రం పక్కన ఇంతేనమ్మా. వస్తా పోతా ఉంటుంది."

ఇంత అబద్ధం ఇంత నున్నగా తన నోట్లోంచి వస్తుందని ఆయనకే తెలీదు. పావుగంట చూసినారు. రాలేదు, ఎట్లా వస్తుంది? "ఇంకో అరగంట చూద్దాం. కాకపోతే నువ్వే ఫార్మాట్ కొట్టెయ్ మధూ," అని పద్మనాభయ్య తొట్ల వైపు పోయినాడు. చెరువు కట్ట మీద సిగ్నల్ దొరుకుతుందేమో చూసొస్తానని, దొరికితే లాప్‌టాప్ అక్కడికే మోసుకుపోతానని ఉష బయటికి నడిచింది. మధుబాబు గుండె చల్లబడింది. చాలా రోజుల తర్వాత హాయిగా కుర్చీలో కూర్చొని, ఎర్ర పెన్‌డ్రైవు తీసి మిషనుకి గుచ్చినాడు.

అప్పుడు పక్కనున్న లాప్‌టాప్ మీద కన్నుపడింది. ఆ పేరేదో తనే చదివేస్తే? ఆ పిల్ల వచ్చేలోగా "పట్టేసినానన్నా!" అని పద్మనాభయ్యకి తనే చెప్పేస్తే? హాట్‌స్పాట్ మళ్ళీ వేసినాడు. సింబల్స్ దిగినాయి. నీలం అక్షరాల మీద నొక్కినాడు.

వరసలు వరసలుగా ఏవేవో పరిగెత్తి, చివర ఒక పేరు దగ్గర ఆగినాయి. లింక్‌క్యాబ్ డాట్ సిస్.

ఎక్కడో విన్న పేరే అనుకున్నాడు. ఆ వెంటనే వెలిగింది. ఎక్కడో ఏంది, తన పెన్‌డ్రైవులోదే! పన్నెండేళ్ళ కింద చెన్నై నుంచి తెచ్చిన సీడీలోది, రెండు మిషన్లని కలిపే ఒక పాత కేబులు పనిచెయ్యడానికి వేసే డ్రైవరు. ఆ కేబులు ఇప్పుడెవరూ వాడరు. అయినా ఎందుకైనా మంచిదని ఎర్ర పెన్‌డ్రైవులో వేసుకున్నాడు, ముట్టుకున్న ప్రతి మిషనుకీ ఎక్కించినాడు. ఫార్మాట్ కొట్టడం, మళ్ళీ దాన్నే ఎక్కించడం. ఈ మిషనుకైతే ఈ నెలలోనే మూడుసార్లు. ఐసు ఫ్యాక్టరీ, మేత కొట్టు, జిరాక్సు షాపు, ఇస్కూలు... ఉప్పుగాలి పాపం ఏం చేసింది? తనే.

ఇంకా మించిపోలేదు. పెన్‌డ్రైవులోంచి ఆ డ్రైవరున్న ఫోల్డరు తీసేసి ఫార్మాట్ కొడితే మిషను ఇక పడదు. పేరు తనకి, చిన్నతనం ఉషకి. ఎవడికి తెలుస్తుంది? చెయ్యి మౌసు మీదికి పోయింది.

"నెట్టు వచ్చిందా సార్?"

గుమ్మంలో ఉష. ఎండకి ముఖమంతా కందిపోయింది, చెప్పుల నిండా చెరువు బురద. దగ్గరికొచ్చి తెర మీద పేరు చదివింది. మిషనుకి గుచ్చిన ఎర్ర పెన్‌డ్రైవు చూసింది. రెండేళ్ళు వాడింది కదా, అందులో ఏమేం ఉన్నాయో ఆ పిల్లకి కంఠతా వచ్చు. బల్ల మీది ఫోనులో హాట్‌స్పాట్ గుర్తు కూడా చూసింది. తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"కంప్యూటరు కంపెనీ వాళ్ళ ఫైలేదో పాడైందని చెప్తాలే సార్. మీ పేరు రాదు."

ఆమె అరిచి ఉంటే తట్టుకునేవాడు. పరువు తీసి ఉంటే నాలుగు రోజులు తిట్టుకునేవాడు. జాలి! తన దగ్గర మౌసు పట్టడం నేర్చుకున్న పిల్ల తన మీద జాలి పడుతుందా? ఆ మంచితనం కూడా ఆమెకే దక్కాలా? మధుబాబుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పద్మనాభయ్య గారూ!" కిటికీలోంచి కేక పెట్టినాడు. తొట్ల దగ్గరి పనివాళ్ళంతా తిరిగి చూసినారు. "ఇట్లా రాండి! తప్పు నా పెన్‌డ్రైవుదే! పన్నెండేళ్ళుగా నేనే ఎక్కించినా ఈ దరిద్రాన్ని!"

పద్మనాభయ్య పరిగెత్తుకుంటూ వచ్చి, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసినాడు. "ఎవరు కనిపెట్టినారు? ఈ పాపేనా?"

"టూల్స్ పాపవి," అన్నాడు మధుబాబు. "పేరు మాత్రం ముందు నేనే చదివినా. అప్పుడీ పిల్ల కట్ట మీదుంది."

"అవునండీ, సారే ముందు చదివారు," అన్నది ఉష.

మధుబాబు పెన్‌డ్రైవు పీకి ఆమె చేతిలో పెట్టినాడు. "దీన్ని నీ చేత్తోనే తుడిచెయ్. తుడిచినాక ఆ టూల్స్ నాకూ ఎక్కించు. రేపు ఐసు ఫ్యాక్టరీకి నీకంటే ముందు నేను పోవాల."