వాలుకు అటూ ఇటూ

ఆఖరిదైన పద్దెనిమిదో హోల్ దగ్గర మేనకోడలి బంతి మళ్లీ ఆ పాడు గట్టువాలు మీదే ఆగింది. స్టిక్‌ల సంచి మోస్తున్న మేనమామ లోలోపలే తిట్టుకున్నాడు. గోల్ఫ్ మైదానమంతా బల్లపరుపుగా ఉంటే ఈ పిల్ల బంతికి ఏటేటా ఈ దిక్కుమాలిన చోటే దొరుకుతుందేం?

వృత్తి ఆటగాళ్ల అర్హత పోటీలో ఆమెకిది మూడోసారి. వయసు లెక్కన ఆఖరిసారి కూడా. ఈ దెబ్బకు బంతి జెండా చుట్టూ ఉన్న నున్నటి పచ్చిక, అదే గ్రీన్, ఎక్కితే గట్టెక్కినట్టే. ఎడమవైపు దిగువనున్న నీళ్లలో పడిందా, ఇక ఇంటిదారే. గత రెండేళ్లూ నీళ్లలోనే పడింది. రెండేళ్లూ ఆయన అందరిముందూ చెడామడా తిట్టాడు. "చేతులకు బెదురు, అంతే! నేను చెప్పింది చెప్పినట్టు కొడితే ఎందుకు పడుతుందే?"

ఆయనది ఎడమచేతి వాటం. ఆమెకు పదేళ్లప్పటి నుంచీ ఎదురుగా నిలబడే ఆట నేర్పాడు. ఆయన ఎడమచేతివాటంగా ఊపితే ఆమె అద్దంలో బొమ్మలా కుడిచేతివాటంగా ఊపేది. అద్దం పాఠమని తనే పేరు పెట్టుకుని మురిసిపోయేవాడు. అందులో లోపముందంటే ఒప్పుకునే రకం కాదు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అలవాటు కొద్దీ వాలు పైవైపుకెళ్లి, బంతికి అవతల ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు.

"బంతి కిందికుంది. మోకాళ్లు బాగా వంచు. స్టిక్ చివరంటా పట్టుకో."

ఆమె నిటారుగా నిలబడి, స్టిక్‌ను బెత్తెడు కిందికి పట్టుకుంది.

"చెవులు పనిచెయ్యట్లేదా? చివర పట్టుకోమన్నానా!"

"ఇంకో ఇరవై సెకన్లేనండీ," అన్నాడు గడియారం పట్టుకున్న అధికారి.

"మావయ్యా, ఒక్కసారి ఇటొచ్చి నిలబడు."

"టైమైపోతుంటే ఇప్పుడేం వేషాలే!"

"నీకు దణ్ణం పెడతా, రా."

విసుక్కుంటూ దిగి, ఆమె పక్కన నిలబడి చూశాడు. అటునుంచి పాదాలకన్నా కిందికున్న బంతి, ఇటునుంచి పాదాలకన్నా జానెడు ఎత్తులో ఉంది. ఎత్తులో ఉన్న బంతికి వంగి, స్టిక్ చివర పట్టుకుని ఊపితే ముందు నేలే తగులుతుంది. రెండేళ్లూ నేలే తగిలి, బంతి నీళ్లపాలైంది. చదునునేల మీద ఆయన పాఠం బాగానే సాగింది గానీ, వాలు మీద ఆయనకు దిగువైనది ఆమెకు ఎగువ. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లూ బుర్రకెక్కలేదు.

"ఈ వాలు బంతిని ఎడమకు లాగుతుంది. కాస్త కుడికి చూసి కొట్టు," అన్నాడు.

పక్కకు తప్పుకుని కళ్లు మూసుకున్నాడు. దెబ్బ శుభ్రంగా వినబడింది. కళ్లు తెరిచేసరికి కుడికి లేచిన బంతి గాల్లోనే ఎడమకు తిరిగి, నీళ్లను దాటి, గ్రీన్ మీద పడి ఆగింది. మరో రెండు దెబ్బల్లో ఆమె ఆట ముగించింది. చుట్టూ చప్పట్లు మోగాయి.

ఆయన మాత్రం కదల్లేదు. "ఎప్పుడు తెలిసిందే నీకు?"

"పోయినేడే. వీడియో చూసుకుంటే తెలిసింది. ఏడాదంతా ఒక్కదాన్నే వాలు మీద సాధన చేశా. కానీ ఇవాళ నీ మాట కాదని కొట్టడానికి చెయ్యి రాలేదు. అందుకే పిలిచా."

"అంతమందిలో నిన్నన్ని మాటలన్నానే! అప్పుడే చెప్పొచ్చుగా?"

"నన్నంటే పడగలను మావయ్యా. తప్పు నీదని ఎవరన్నా నిన్నంటే పడలేను."

ఆయన సంచి దించి, గ్రీన్ పక్కనే కూలబడి, అందరిముందూ ఏడ్చాడు.